లోడుకో క్వెరీ ఎందుకు? జాంగోలో సంబంధిత రికార్డులను పేజీకి తగ్గట్టు తెప్పించుకోవడం

జూన్, జులై నెలల్లో చిత్తూరు చుట్టుపక్కల రోడ్ల మీద ఎక్కడ చూసినా తోతాపురి ట్రాక్టర్లే. దామలచెరువు, బంగారుపాళ్యం మార్కెట్లకు కొన్ని, నేరుగా గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల దగ్గరికి మరికొన్ని. 2025 సీజన్‌లో ధర పడిపోయినప్పుడు కిలోకు రూ.12 అనుకుని, అందులో రూ.8 ఫ్యాక్టరీ, రూ.4 ప్రభుత్వం ఇచ్చేలా ఏర్పాటు చేశారు. లెక్కలు రాసేవాళ్ల వైపు నుంచి చూస్తే దీని అర్థం ఒక్కటే: ఒక లోడుకు రెండు చెల్లింపులు, రెండూ వేర్వేరు చోట్ల నుంచి, వేర్వేరు తేదీల్లో. 5 టన్నుల లోడుకు ఫ్యాక్టరీ నుంచి రూ.40,000, ప్రభుత్వం నుంచి రూ.20,000.

ఈ లెక్కను ఒక వెబ్ అప్లికేషన్‌లో పెట్టామనుకుందాం. పైథాన్‌లో వెబ్ అప్లికేషన్లు కట్టే జాంగో ఫ్రేమ్‌వర్క్, వెనక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. మోడల్స్ (ఒక్కోటి ఒక్కో టేబుల్‌కు కోడ్‌లోని రూపం) ఐదు: విలేజ్, ఫార్మర్, ఫ్యాక్టరీ, లోడ్, పేమెంట్. ఫార్మర్‌కు విలేజ్ ఫారిన్ కీ, అంటే ఈ రికార్డు ఇంకో టేబుల్లోని ఏ రికార్డుకు చెందినదో చెప్పే కాలమ్. లోడ్‌కు ఫార్మర్ ఫారిన్ కీ తప్పనిసరి, ఫ్యాక్టరీ ఫారిన్ కీ ఖాళీగా ఉండొచ్చు, ఎందుకంటే టోకెన్ వచ్చేదాకా సరుకు ఏ ఫ్యాక్టరీకి పోతుందో తెలియదు. పేమెంట్‌కు లోడ్ ఫారిన్ కీ. అవతలి వైపు నుంచి పిలవడానికి రిలేటెడ్_నేమ్‌లో పెట్టుకున్న పేర్లు లోడ్స్, పేమెంట్స్. (కోడ్‌లోని పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నాయి, ఫైల్లో కొట్టేటప్పుడు ఇంగ్లిషు అక్షరాలే.)

ఇక మొదటి పేజీ: ఈరోజు వచ్చిన 50 లోడ్లు. ఒక్కో వరుసలో రైతు పేరు, ఊరు, ఫ్యాక్టరీ, చెల్లింపులు. టెంప్లేట్‌లో (పేజీ రూపం రాసే ఫైల్లో) లోడ్.ఫార్మర్.నేమ్ అని రాసిన ప్రతిచోటా జాంగో అప్పటికప్పుడు డేటాబేస్ దగ్గరికి పరుగెడుతుంది. లోడ్ల జాబితాకు 1, రైతులకు 50, ఊళ్లకు 50, ఫ్యాక్టరీలకు 50, చెల్లింపులకు 50. మొత్తం 201 క్వెరీలు. దీన్నే ఎన్ ప్లస్ వన్ సమస్య అంటారు. లాప్‌టాప్‌లో ఎస్‌క్యూలైట్ మీద పనిచేస్తున్నంత కాలం ఇది కంటికి కనపడదు, డేటాబేస్ అదే డిస్కులో ఉంది కాబట్టి. సర్వర్‌కెక్కాక డేటాబేస్ వేరే మెషీన్‌లో ఉంటుంది. ఒక్కో రాకపోకకు 2 మిల్లీసెకన్లే అనుకున్నా 400 మిల్లీసెకన్లు దారి ఖర్చులకే పోతాయి, అసలు పని ఇంకా మొదలుకాకముందే.

సంబంధిత రికార్డులను ముందే తెప్పించడానికి సెలెక్ట్_రిలేటెడ్, ప్రీఫెచ్_రిలేటెడ్ అని రెండున్నాయి, ఫారిన్ కీకి మొదటిది, అవతలి వైపుకు (లోడు నుంచి దాని చెల్లింపుల్లాంటివాటికి) రెండోది — ఇంతవరకు అందరికీ తెలిసిందే. చిక్కంతా ఆ తర్వాత. ఏ రికార్డులు, ఎన్ని, ఏ వరుసలో, ఏ కాలమ్స్‌తో కావాలన్నది పేజీ పేజీకీ మారుతుంది. ఆ నిర్ణయాన్ని మోడల్‌లోనో టెంప్లేట్‌లోనో దాచిపెట్టకుండా క్వెరీసెట్ (లోడ్.ఆబ్జెక్ట్స్‌తో మొదలై ఏం తేవాలో చెప్పే మాట) దగ్గరే చెప్పేయాలి. ఈ ఒక్కటీ పాటించకపోవడం వల్లే ప్రీఫెచ్ పెట్టినా పేజీ నెమ్మదిగానే ఉంటుంది. కొన్నిసార్లు ఇంకా నెమ్మదిస్తుంది.

జాయిన్‌తో తెచ్చుకున్నప్పుడు

లోడ్.ఆబ్జెక్ట్స్.సెలెక్ట్_రిలేటెడ్("ఫార్మర్__విలేజ్", "ఫ్యాక్టరీ")

ఈ ఒక్క మాటతో 201 కాస్తా 51 అవుతుంది. రైతు, ఊరు, ఫ్యాక్టరీ అన్నీ మొదటి క్వెరీలోనే జాయిన్ అయి, అంటే టేబుళ్లు వరుసకు వరుస కలిసి వస్తాయి. ఫార్మర్ ఖాళీగా ఉండకూడదని మోడల్‌లో చెప్పాం కాబట్టి దానికి ఇన్నర్ జాయిన్. ఫ్యాక్టరీ ఖాళీగా ఉండొచ్చన్నాం కాబట్టి దానికి లెఫ్ట్ ఔటర్ జాయిన్. టోకెన్ రాని లోడు కూడా జాబితాలో ఉంటుంది, ఫ్యాక్టరీ దగ్గర మాత్రం ఖాళీ.

ఇక్కడొక ఉచ్చు ఉంది. జాంగో మోడల్ మాటను నమ్ముతుంది, టేబుల్లోకి తొంగి చూడదు. పాత ఎక్సెల్ షీట్ల నుంచి డేటా ఎక్కించేటప్పుడు ఫారిన్ కీ కన్‌స్ట్రెయింట్ తీసేసి ఎక్కించారనుకోండి, కొన్ని లోడ్లకు ఉన్న రైతు ఐడీ ఫార్మర్ టేబుల్లో ఉండదు. సెలెక్ట్_రిలేటెడ్ లేనంతవరకు ఆ లోడ్లు జాబితాలో కనిపిస్తాయి. రైతు పేరు అడిగినచోట మాత్రం ఎర్రర్ వస్తుంది. సెలెక్ట్_రిలేటెడ్ పెట్టిన మరుక్షణం ఇన్నర్ జాయిన్ వాటిని చప్పుడు లేకుండా తీసేస్తుంది. ఇంకా తమాషా ఏమిటంటే, కౌంట్ పిలిచినప్పుడు జాంగో ఆ జాయిన్‌ను వదిలేస్తుంది. పేజీ పైన "50 లోడ్లు" అని ఉంటుంది, కింద లెక్కపెడితే 47 వరుసలు. ఎవరైనా ఇలాంటి తేడా చెబితే ముందు అనాథ ఐడీల కోసం వెతకండి.

కాలమ్స్ తగ్గించుకోవాలని ఓన్లీ వాడేటప్పుడు ఫారిన్ కీని కూడా పేర్కొనాలి. ఓన్లీ("వెయిట్", "ఫార్మర్__నేమ్") అని మాత్రమే రాస్తే, ఫార్మర్‌ను ఒకవైపు వాయిదా వేయమంటున్నావు, మరోవైపు దాని గుండా పోవాలంటున్నావు, రెండూ కుదరవని ఫీల్డ్ ఎర్రర్ వస్తుంది. "ఫార్మర్" కూడా చేర్చితే సరిపోతుంది.

ఫారిన్ కీ అయితే ప్రతిసారీ జాయినే మేలని కూడా అనుకోకూడదు. సీజన్ మొత్తంలో 400 మంది రైతులవి 5,000 లోడ్లు ఒకేసారి తెస్తున్నామనుకుందాం. సెలెక్ట్_రిలేటెడ్‌తో రైతు వివరాలు 5,000 సార్లు నెట్‌వర్క్ మీద ప్రయాణిస్తాయి, పైథాన్‌లో 5,000 వేర్వేరు ఫార్మర్ ఆబ్జెక్టులు పుడతాయి. అదే ఫారిన్ కీకి ప్రీఫెచ్_రిలేటెడ్ వాడితే ఒక క్వెరీ ఎక్కువవుతుంది, కానీ వచ్చేవి 400 వరుసలు, పుట్టేవి 400 ఆబ్జెక్టులు. ఒకే రైతు లోడ్లన్నీ ఒకే ఆబ్జెక్టును పంచుకుంటాయి. ఫార్మర్ టేబుల్లో పెద్ద టెక్స్ట్ కాలమ్స్ ఉంటే ఈ తేడా బాగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ప్రీఫెచ్ ఎప్పుడు చేజారిపోతుంది

చెల్లింపులు అవతలి వైపు నుంచి వచ్చేవి, ఒక లోడుకు చాలా. కాబట్టి ప్రీఫెచ్_రిలేటెడ్("పేమెంట్స్"). జాంగో ముందు 50 లోడ్లు తెస్తుంది, వాటి ఐడీలు పోగుచేసి "ఈ 50లో దేనికి చెందినవైనా సరే, చెల్లింపులన్నీ పంపు" అని ఐఎన్ షరతుతో ఇంకో క్వెరీ వేస్తుంది, వచ్చినవాటిని పైథాన్‌లో ఎవరివి వాళ్లకు పంచుతుంది. కాటా చీటీలన్నిటినీ ఒకేసారి తెప్పించుకుని బల్ల మీద లోడ్ల వారీగా పేర్చుకున్నట్టు. క్వెరీలు మొత్తం రెండే.

అలా పంచిన చెల్లింపులు ఆ లోడు ఆబ్జెక్టులోనే ఒక కాష్‌లో (మెమరీలో దాచుకున్న కాపీలో) కూర్చుంటాయి. ఆ కాష్ లోడ్.పేమెంట్స్.ఆల్() అన్న అడుగుకు మాత్రమే జవాబు. ప్రశ్న కొంచెం మార్చినా జాంగో కాష్‌ను పక్కనపెట్టి మళ్లీ డేటాబేస్ దగ్గరికి పోతుంది. ఏది కాష్‌తో సరిపెడుతుంది, ఏది కొత్త క్వెరీ వేస్తుంది అన్నది నోటికి వచ్చేంతగా గుర్తుండాలి. ఆల్, కౌంట్, ఎగ్జిస్ట్స్, ఆల్ మీద లెన్ — వీటికి కొత్త క్వెరీ పడదు. ఫిల్టర్, ఎక్స్‌క్లూడ్, ఆర్డర్_బై, వాల్యూస్, లేటెస్ట్, లాస్ట్ — వీటికి ప్రతిసారీ పడుతుంది. ఫస్ట్ మాత్రం రెండు రకాలుగానూ ప్రవర్తిస్తుంది: క్వెరీసెట్‌కు ఇప్పటికే ఒక వరుసక్రమం ఉంటే, అంటే మోడల్ మెటాలో (మోడల్ లోపలి సెట్టింగుల్లో) ఆర్డరింగ్ పెట్టి ఉంటే, కాష్‌లోని మొదటిదాన్ని ఇచ్చేస్తుంది, వరుసక్రమం లేకపోతే ప్రైమరీ కీ వారీగా పేర్చమని కొత్త క్వెరీ వేస్తుంది. లాస్ట్‌కు ఆ వెసులుబాటు లేదు, వరుసను తిప్పాలి కాబట్టి.

ఇప్పుడు లోడ్ మోడల్‌లో ఎవరో ఎప్పుడో రాసి పెట్టిన చిన్న మెథడ్ చూడండి: పెండింగ్ అని పేరు, లోపల సెల్ఫ్.పేమెంట్స్.ఫిల్టర్(స్టేటస్="పెండింగ్"). చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. జాబితా పేజీలో దీన్ని పిలిస్తే, వ్యూలో (పేజీకి డేటా సిద్ధంచేసే కోడ్‌లో) ప్రీఫెచ్ ఉన్నా 50 క్వెరీలు మళ్లీ మొదలు. పైగా ప్రీఫెచ్ తెచ్చిన చెల్లింపులు ఎవరికీ పనికిరాకుండా మెమరీలో కూర్చుంటాయి. ప్రీఫెచ్ తీసేస్తే ఒక క్వెరీ ఆదా అయ్యే స్థితి. జాంగోతో ఏపీఐలు కట్టే జాంగో రెస్ట్ ఫ్రేమ్‌వర్క్‌లో సీరియలైజర్ (రికార్డులను బయటికి పంపే రూపంలోకి మార్చేది) మెథడ్ ఫీల్డ్ లోపల ఫిల్టర్ రాసినా ఇదే కథ. అక్కడైతే వ్యూ ఒక ఫైల్లో, సీరియలైజర్ ఇంకో ఫైల్లో ఉండి ఎవరి కంటా పడదు.

ఒక లోడుకు చెల్లింపులు రెండో మూడో అయితే పరిష్కారం చాలా తేలిక: ఆల్() మీద పైథాన్ లూప్ తిప్పి, స్టేటస్ పెండింగ్ అయినవి ఏరుకోవడమే. దీన్ని చిన్నచూపు చూడాల్సిన పని లేదు. అవతల వందలకొద్దీ రికార్డులుండి అందులో కొన్నే కావాల్సి వచ్చినప్పుడే తర్వాతి పనిముట్టు అవసరం.

ప్రీఫెచ్ ఆబ్జెక్ట్: ఏం తేవాలో మనమే చెప్పడం

జాంగో 1.7 నుంచి ప్రీఫెచ్_రిలేటెడ్‌కు ఉత్త పేరు కాకుండా ప్రీఫెచ్ అనే ఆబ్జెక్టును ఇవ్వొచ్చు. అందులో మూడు సంగతులు: ఏ సంబంధం, ఏ క్వెరీసెట్‌తో, తెచ్చినవి ఏ పేరు కింద పెట్టాలి.

పెండింగ్‌వి = పేమెంట్.ఆబ్జెక్ట్స్.ఫిల్టర్(స్టేటస్="పెండింగ్").ఆర్డర్_బై("డ్యూ_డేట్")

లోడ్.ఆబ్జెక్ట్స్.ప్రీఫెచ్_రిలేటెడ్(ప్రీఫెచ్("పేమెంట్స్", క్వెరీసెట్=పెండింగ్‌వి, టు_అట్ర్="పెండింగ్_లిస్ట్"))

ఇంకా రావాల్సిన చెల్లింపులు మాత్రమే, గడువు వరుసలో, లోడ్.పెండింగ్_లిస్ట్ అనే పేరు కింద వచ్చి కూర్చుంటాయి. అదే జాబితాలో ముట్టినవి కూడా వేరేగా కావాలంటే ఇంకో ప్రీఫెచ్ ఆబ్జెక్ట్, ఇంకో పేరు. ఒక క్వెరీ అదనం, అంతే. లోపలి క్వెరీసెట్‌కు సెలెక్ట్_రిలేటెడ్ కూడా తగిలించొచ్చు. రైతు పేజీలో లోడ్లు తెస్తూ వాటి ఫ్యాక్టరీ పేర్లూ కావాలంటే ఫార్మర్ మీద ప్రీఫెచ్("లోడ్స్", క్వెరీసెట్=లోడ్.ఆబ్జెక్ట్స్.సెలెక్ట్_రిలేటెడ్("ఫ్యాక్టరీ")).

టు_అట్ర్ ఇవ్వడం ఐచ్ఛికమే. మా మాట మాత్రం ఇది: ఫిల్టర్ ఉన్న ప్రీఫెచ్‌కు టు_అట్ర్ లేకుండా ఎప్పుడూ రాయకండి. అది లేకపోతే పెండింగ్ చెల్లింపులు వెళ్లి మామూలు కాష్‌లోనే కూర్చుంటాయి. అప్పటి నుంచి ఆ ఆబ్జెక్టు మీద లోడ్.పేమెంట్స్.ఆల్() అని ఎవరడిగినా పెండింగ్‌వి మాత్రమే వస్తాయి, ఎర్రర్ ఏమీ రాదు. ఫ్యాక్టరీ రూ.40,000 ఇచ్చేసింది, ప్రభుత్వం రూ.20,000 ఇంకా రాలేదు అనుకోండి. అదే ఆబ్జెక్టును తీసుకుని సెటిల్‌మెంట్ చీటీ వేసే ఫంక్షన్ మొత్తం చెల్లింపులు కూడితే రూ.20,000 అంటుంది. ఫంక్షన్ రాసినవాళ్ల తప్పేం లేదు, ఆల్ అంటే అన్నీ అనుకున్నారు. నెమ్మదిగా నడిచే పేజీని భరించొచ్చు, తప్పు లెక్క చూపే పేజీ రైతు ముందు పెట్టలేం.

టు_అట్ర్‌తో వచ్చేది క్వెరీసెట్ కాదు, మామూలు పైథాన్ లిస్ట్. దీనివల్ల టెంప్లేట్‌లో ఒక చిన్న మోసం జరుగుతుంది. అలవాటు కొద్దీ లోడ్.పెండింగ్_లిస్ట్.కౌంట్ అని రాస్తే, లిస్ట్ కౌంట్‌కు ఏదో ఒక విలువ ఇవ్వాలి కాబట్టి ఆ పిలుపు విఫలమవుతుంది, టెంప్లేట్ దాన్ని మింగేసి ఖాళీ జాగా చూపిస్తుంది. సున్నా కూడా కాదు, ఖాళీ. అక్కడ లెంగ్త్ ఫిల్టర్ వాడాలి. ఆ పేరు ఆ క్వెరీసెట్ నుంచి వచ్చిన ఆబ్జెక్టులకే ఉంటుందన్నది కూడా మరవొద్దు. గెట్‌తో విడిగా తెచ్చిన లోడును అదే ఫంక్షన్‌కు ఇస్తే పైథాన్‌లో అట్రిబ్యూట్ ఎర్రర్, టెంప్లేట్‌లో మళ్లీ అదే ఖాళీ. చేతిలో ఇప్పటికే ఉన్న ఆబ్జెక్టులకు ఆ పేరు తగిలించాలంటే ప్రీఫెచ్_రిలేటెడ్_ఆబ్జెక్ట్స్ అనే ఫంక్షన్ ఉంది. లిస్ట్ ఒకటి, ప్రీఫెచ్ వివరాలు ఒకటి ఇస్తే మిగతా పని అదే చూసుకుంటుంది.

మామూలు ప్రీఫెచ్ కాష్‌కూ ఈ లిస్ట్‌కూ ఇంకో తేడా. రిలేటెడ్ మేనేజర్ మీద యాడ్, రిమూవ్, క్లియర్, సెట్ పిలిస్తే జాంగో ఆ సంబంధం కాష్‌ను కొట్టేస్తుంది, తర్వాతి ఆల్ తాజాగా వస్తుంది. టు_అట్ర్ లిస్ట్‌ను మాత్రం ముట్టుకోదు. రాసే పని అయ్యాక దాన్ని చదవకండి.

పేర్ల వరుస కూడా ముఖ్యమే. ప్రీఫెచ్_రిలేటెడ్("లోడ్స్__పేమెంట్స్", ప్రీఫెచ్("లోడ్స్", క్వెరీసెట్=...)) అని రాస్తే వాల్యూ ఎర్రర్ వస్తుంది, ఈ లుకప్‌ను వేరే క్వెరీసెట్‌తో ఇదివరకే చూశానని. మొదటి పేరు చదవగానే జాంగో లోడ్లను మామూలు పద్ధతిలో తెచ్చేసింది, తర్వాత మన ప్రత్యేక క్వెరీసెట్ ఇస్తే దానికి చోటు లేదు. ప్రీఫెచ్ ఆబ్జెక్టును ముందు, దాని కిందివాటిని తర్వాత రాస్తే సరి.

లోపలి క్వెరీసెట్‌లో ఓన్లీ వాడితే వెనక్కి చూపే ఫారిన్ కీని, ఇక్కడైతే "లోడ్"‌ను, తప్పక చేర్చండి. తెచ్చిన చెల్లింపు ఏ లోడుదో తెలియాలంటే జాంగోకు ఆ కాలమ్ కావాలి. వదిలేస్తే చాలా వెర్షన్లలో ఒక్కో చెల్లింపుకు ఆ ఒక్క కాలమ్ కోసం ఒక్కో క్వెరీ పడుతుంది. కాలమ్స్ తగ్గించబోయి ఎన్ ప్లస్ వన్‌ను కొనితెచ్చుకోవడమే ఇది.

ఒక్కో రైతుకు చివరి మూడు లోడ్లు

ఇది ప్రతి అప్లికేషన్‌లోనూ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే కోరిక. రైతుల జాబితా, ఒక్కొక్కరి పక్కన ఇటీవలి మూడు లోడ్లు. చాలామంది ప్రీఫెచ్("లోడ్స్") పెట్టి టెంప్లేట్‌లో స్లైస్ ఫిల్టర్‌తో మూడు తీసుకుంటారు. క్వెరీల సంఖ్య చూస్తే రెండే, ఏ టూల్ కూడా తప్పు పట్టదు. కానీ పేజీకి 25 మంది రైతులు, ఒక్కొక్కరికి కొన్నేళ్లవి కలిపి 300 లోడ్లు ఉంటే, 75 చూపించడానికి 7,500 తెచ్చాం. క్వెరీల లెక్క ఒక్కటే చూసుకుంటే ఇలాంటివి దొరకవు.

జాంగో 4.2 నుంచి ప్రీఫెచ్‌లోని క్వెరీసెట్‌ను స్లైస్ చేయొచ్చు:

ప్రీఫెచ్("లోడ్స్", క్వెరీసెట్=లోడ్.ఆబ్జెక్ట్స్.ఆర్డర్_బై("-డేట్", "-ఐడీ")[:3], టు_అట్ర్="రీసెంట్_లోడ్స్")

స్లైస్ అంటే మొత్తం మీద మూడు కాదు, ఒక్కో రైతుకు మూడు. వెనక జాంగో విండో ఫంక్షన్ రాస్తుంది: రైతు వారీగా విడగొట్టి, ప్రతి ముక్కలోనూ వరుస సంఖ్యలు వేసి, 3 దాటినవి వదిలేస్తుంది. ఆర్డర్_బైలో ఐడీ కూడా ఎందుకంటే, ఒకే రోజు ఒకే రైతువి రెండు ట్రాక్టర్లు వస్తే తేదీ ఒక్కటే అవుతుంది; అప్పుడు ఏది ముందో డేటాబేస్ ఇష్టం, పేజీ రిఫ్రెష్ చేసినప్పుడల్లా మారొచ్చు. ఫార్మర్, డేట్ రెండూ కలిపిన ఇండెక్స్ ఉంటే ఈ పని సాఫీగా సాగుతుంది. 4.2 కన్నా పాత వెర్షన్‌లో ఇదే రాస్తే, స్లైస్ చేశాక ఫిల్టర్ చేయలేమని ఎర్రర్ వస్తుంది. ఒక్కటే కావాలంటే, ఉదాహరణకు చివరి లోడు తేదీ మాత్రమే, ప్రీఫెచ్ జోలికే పోకుండా సబ్‌క్వెరీతో (క్వెరీ లోపలి క్వెరీతో) యానొటేట్ చేయడం, అంటే లెక్కకట్టిన విలువను ప్రతి వరుసకూ తగిలించడం మేలు.

రికార్డులు వద్దు, మొత్తం చాలు

పేజీలో చూపేది "16 టన్నులు, 6 చెల్లింపులు" అన్న అంకెలే అయితే రికార్డులు తేవడం ఎందుకు? యానొటేట్ చేయాలి. ఇక్కడే అందరూ బోల్తా పడతారు, కాబట్టి ఒక రైతు లెక్క దగ్గరగా చూద్దాం. ఆయనవి మూడు లోడ్లు: 5, 5, 6 టన్నులు. ప్రతి లోడుకు రెండు చెల్లింపులు. ఫార్మర్ మీద ఒకే యానొటేట్‌లో సమ్("లోడ్స్__వెయిట్"), కౌంట్("లోడ్స్__పేమెంట్స్") రెండూ రాస్తే జాంగో లోడ్లనూ చెల్లింపులనూ ఒకే జాయిన్‌లో కలుపుతుంది. వచ్చే వరుసలు 6. చెల్లింపుల సంఖ్య 6, సరైనదే. బరువు మాత్రం ప్రతి లోడుదీ రెండుసార్లు కూడి 32 టన్నులు.

ఎవరో ఒకరు డిస్టింక్ట్=ట్రూ పెట్టమంటారు. కౌంట్‌కు అది పనిచేస్తుంది. సమ్‌కు పెడితే వేర్వేరు విలువలనే కూడుతుంది: రెండు 5లు ఒకటే అయిపోయి 5+6, అంటే 11 టన్నులు. 32 తప్పని ఎవరైనా పట్టుకుంటారు, 11 మాత్రం నమ్మేలా ఉండి దాటిపోతుంది. టెస్ట్ డేటాలో మూడు లోడ్లకూ వేర్వేరు బరువులు పెడితే టెస్ట్ కూడా పాసవుతుంది.

సరైన దారి సబ్‌క్వెరీ:

బరువు = లోడ్.ఆబ్జెక్ట్స్.ఫిల్టర్(ఫార్మర్=ఔటర్‌రెఫ్("పీకే")).వాల్యూస్("ఫార్మర్").యానొటేట్(టోటల్=సమ్("వెయిట్")).వాల్యూస్("టోటల్")

దీన్ని సబ్‌క్వెరీలో చుట్టి ఫార్మర్ మీద యానొటేట్ చేస్తే బరువు విడిగా లెక్క కడుతుంది, చెల్లింపుల జాయిన్ దాన్ని తాకదు. లోడ్లే లేని రైతుకు ఖాళీ వస్తుంది కాబట్టి కోఅలెస్‌తో సున్నా ఇవ్వండి.

మేనేజర్ ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ చేయదు

రద్దయిన రికార్డులు డిలీట్ చేయకుండా ఒక గుర్తు పెట్టి, డిఫాల్ట్ మేనేజర్‌లోనే (లోడ్.ఆబ్జెక్ట్స్‌లోని ఆబ్జెక్ట్స్ లాంటిది, క్వెరీలు మొదలయ్యే చోటు) వాటిని ఫిల్టర్ చేసేయడం చాలామందికి అలవాటు. అప్పుడు సంబంధాల్లో ఏం జరుగుతుందంటే: ఫార్మర్.లోడ్స్ అని అవతలి వైపు నుంచి అడిగితే డిఫాల్ట్ మేనేజర్ వాడతారు, రద్దయినవి రావు. లోడ్.ఫార్మర్ అని ఇవతలి నుంచి అడిగితే బేస్ మేనేజర్ వాడతారు, గుర్తు ఉన్న రైతు కూడా వస్తాడు. సెలెక్ట్_రిలేటెడ్ అసలు ఏ మేనేజర్‌నూ పట్టించుకోదు, అది నేరుగా జాయిన్. ఇది లోపం కాదు, కావాలనే అలా పెట్టారు. తీసేసిన రైతు పేరున్న పాత చీటీ తెరిస్తే పేజీ కూలకూడదు కదా. బేస్ మేనేజర్‌ను మార్చే వీలు మెటాలో ఉన్నా, అందులో ఫిల్టర్ పెట్టొద్దు.

ఫారిన్ కీ మీద ఫిల్టర్ ఉన్న ప్రీఫెచ్ పెడితే ఇదే రకమైన దెబ్బ. ఆ ఫిల్టర్‌లో పడని రైతు స్థానంలో కాష్‌లో ఖాళీ చేరుతుంది. ఫ్యాక్టరీలాగా ఖాళీ ఒప్పుకునే ఫీల్డ్ అయితే నన్ (పైథాన్‌లో ఖాళీ విలువ) వస్తుంది. ఫార్మర్‌లాగా ఒప్పుకోనిదైతే, డేటాబేస్‌లో రైతు నిక్షేపంగా ఉన్నా సరే, సంబంధిత రికార్డు లేదని ఎర్రర్.

మరి సెలెక్ట్_రిలేటెడ్‌ను డిఫాల్ట్ మేనేజర్‌లోనే పెట్టేస్తే ప్రతిచోటా రాసే బాధ తప్పుతుంది కదా అంటే, తప్పుతుంది, కానీ ఒక్క బరువు కాలమ్ కోసం వచ్చిన పని కూడా మూడు టేబుళ్లను మోస్తుంది. దానికన్నా క్వెరీసెట్ క్లాస్‌లో పేజీల పేర్లతో మెథడ్స్ పెట్టుకోవడం మంచిది: జాబితాకు ఒకటి, చీటీకి ఒకటి, రైతు పేజీకి ఒకటి. యాజ్_మేనేజర్‌తో దాన్ని మోడల్‌కు తగిలిస్తే లోడ్.ఆబ్జెక్ట్స్.ఫర్_లిస్ట్() అని ఎక్కడి నుంచైనా పిలవొచ్చు. టు_అట్ర్ పేర్లు పుట్టేచోటు కూడా అప్పుడు ఒక్కటే అవుతుంది.

జాంగోతో పాటే వచ్చే అడ్మిన్ పేజీల సంగతి రెండు ముక్కల్లో. లిస్ట్_డిస్‌ప్లేలో ఫారిన్ కీ ఉంటే అడ్మిన్ తనే సెలెక్ట్_రిలేటెడ్ పిలుస్తుంది, అయితే ఖాళీగా ఉండొచ్చన్న ఫారిన్ కీలను అది తీసుకోదు; వాటిని లిస్ట్_సెలెక్ట్_రిలేటెడ్‌లో పేరు పెట్టి చెప్పాలి. ఎడిట్ పేజీలో ఇన్‌లైన్ వరుసలున్నప్పుడు ఒక్కో వరుసలోని డ్రాప్‌డౌన్ మొత్తం రైతుల జాబితాను మళ్లీ మళ్లీ తెస్తుంది. అక్కడ ఆటోకంప్లీట్_ఫీల్డ్స్ పెట్టేయండి.

కొలిచి చూడటం

పని చేస్తున్నప్పుడు జాంగో డీబగ్ టూల్‌బార్ చాలు. ఒకే ఆకారంలో ఉన్న క్వెరీలు ఎన్నిసార్లు పడ్డాయో అదే చెబుతుంది. కానీ ఇవాళ సరిచేసింది వచ్చే నెల ఎవరో టెంప్లేట్‌లో ఒక కాలమ్ చేర్చగానే పాడవుతుంది. అందుకు టెస్ట్‌లో క్వెరీల సంఖ్యను సరిచూసే అసర్ట్‌నమ్‌క్వెరీస్. ఒక్క లోడుతో టెస్ట్ రాస్తే ఉపయోగం లేదు, ఎన్ ఒకటైనప్పుడు ఎన్ ప్లస్ వన్ కూడా చిన్న అంకే. 2 లోడ్లతో ఒకసారి, 10 లోడ్లతో ఒకసారి అదే పేజీని పిలిచి, రెండుసార్లూ క్వెరీల సంఖ్య సమానంగా ఉందో లేదో చూడాలి. ఆ లోడ్లు వేర్వేరు రైతులవి, వేర్వేరు ఊళ్లవి అయి ఉండాలి, కనీసం ఒకదానికి ఫ్యాక్టరీ ఖాళీగా ఉండాలి. బరువుల్లో రెండు ఒకటే ఉండాలి, ఎందుకో పైన చూశాం.

ఇతర ఫ్రేమ్‌వర్క్‌లలోనూ పేర్లు మారతాయి గానీ పంచాయితీ ఇదే. రైల్స్‌లో ప్రీలోడ్ వేరే క్వెరీతో, ఈగర్_లోడ్ జాయిన్‌తో తెస్తాయి, ఇంక్లూడ్స్ ఆ రెండింటిలో ఒకటి తనే ఎంచుకుంటుంది, 6.1 నుంచి స్ట్రిక్ట్_లోడింగ్ పెడితే ముందే తేని సంబంధాన్ని అడగ్గానే ఎర్రర్ ఇస్తుంది. లారావెల్‌లో విత్‌కు క్లోజర్ ఇచ్చి లోపలి క్వెరీని మలచుకోవచ్చు, ప్రివెంట్‌లేజీలోడింగ్‌తో బద్ధకపు లోడింగ్‌ను ఆపొచ్చు. ఎస్‌క్యూఎల్ఆల్కెమీలో జాయిన్డ్‌లోడ్, సెలెక్ట్‌ఇన్‌లోడ్, రైజ్‌లోడ్. జాంగో నుంచి వచ్చినవాళ్లకు సెలెక్ట్‌ఇన్‌లోడ్ వెంటనే అర్థమవుతుంది, అది ప్రీఫెచ్ లాంటిదే.

చివరగా సీజన్ అయ్యాక తీసే ఎక్స్‌పోర్ట్. లక్ష లోడ్లను ఒకేసారి మెమరీలోకి తెచ్చుకోలేం కాబట్టి కొన్నికొన్ని చొప్పున అందించే ఇటరేటర్ వాడతాం. జాంగో 4.1కి ముందు ఇటరేటర్ పెడితే ప్రీఫెచ్‌ను మాట్లాడకుండా వదిలేసేది, అంటే లక్ష క్వెరీలు. 4.1 నుంచి ఇటరేటర్(చంక్_సైజ్=2000) అని ఇస్తే ప్రతి 2,000 లోడ్లకు ఒకసారి చొప్పున ప్రీఫెచ్ నడుస్తుంది: చెల్లింపులకు 50 క్వెరీలు, లోడ్లకు ఒకటి. 5.0 నుంచి ప్రీఫెచ్ ఉండి చంక్_సైజ్ ఇవ్వకపోతే వాల్యూ ఎర్రరే. పాత వెర్షన్ నుంచి పైకి వెళ్లేటప్పుడు ముందుగా విరిగేవాటిలో ఈ ఎక్స్‌పోర్ట్ ఒకటి. చంక్ సైజును మరీ పెంచితే ఐఎన్ షరతులోని ఐడీల వరుస కూడా అంతే పెరుగుతుంది, చెల్లింపుల ఆబ్జెక్టులన్నీ ఒకేసారి మెమరీలో ఉంటాయి. 1,000 నుంచి 2,000 మధ్య మొదలుపెట్టి, మెమరీ చూసుకుంటూ మార్చుకోండి.